ముప్పై బాత్‌ల వైద్యం నుంచి మన 104 బండి దాకా: అందరికీ ఆరోగ్య రక్షణ, పేదరికం – తరచుగా అడిగే ప్రశ్నలు

జబ్బు ఖర్చుకీ పేదరికానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడితే చాలామంది వెంటనే ఆరోగ్యశ్రీ గురించి అడుగుతారు. దాని దగ్గరికి వస్తాం. కానీ ముందు థాయిలాండ్ గురించి తెలుసుకోవాలి. పెద్ద ధనిక దేశమేమీ కాకుండానే, ఏడాది తిరిగేసరికి దేశం మొత్తానికి ఆరోగ్య రక్షణ ఇచ్చిన దేశం అది. అందుకే ఇక్కడి జవాబుల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతాయి.

అందరికీ ఆరోగ్య రక్షణ అంటే ఉచిత వైద్యమేనా?

అచ్చంగా అదే కాదు. ఎవరికి ఏ వైద్యం అవసరమో అది అవసరమైనప్పుడు, పనికొచ్చే నాణ్యతతో అందాలి, దానికోసం ఇల్లు గుల్ల కాకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అర్థం ఇదే. రెండు షరతులూ కలిసి ఉండాలి. ఆసుపత్రిలో అన్నీ ఉచితమే గానీ డాక్టరు రాడు, మందులు ఉండవు అంటే అది రక్షణ అనిపించుకోదు. పెద్దాసుపత్రి పక్క వీధిలోనే ఉంది గానీ గడప తొక్కితే లక్ష రూపాయలంటే అదీ రక్షణ కాదు.

ఖర్చు ఎవరో ఒకరు భరించాల్సిందే, అందులో మాయ ఏమీ లేదు. అందరి దగ్గరా పన్నుల రూపంలో ముందే కొద్దికొద్దిగా తీసుకోవడమా, జబ్బు పడ్డవాడి దగ్గర బిల్లు కౌంటర్ ముందు ఒకేసారి గుంజడమా అన్నదే అసలు తేడా. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 3.8 అంకె కింద దీన్ని చేర్చారు, 2030 గడువు.

పేదరికం పనులు దొరక్క వస్తుంది కదా. జబ్బుకీ దానికీ అంత లంకె ఏముంది?

పేదరికం నుంచి బయటపడటానికి ఒక దారి, అందులో పడిపోవడానికి వేరే దారి ఉంటాయి. ఈ సంగతి బాగా తేల్చిన అధ్యయనం మన దగ్గరే జరిగింది. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడి బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 36 గ్రామాలు తిరిగి, పాతికేళ్లలో ఏ ఇల్లు పైకొచ్చింది, ఏ ఇల్లు చితికింది అని ఊరివాళ్లనే కూర్చోబెట్టి ఆరా తీసింది. 14 శాతం కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి. అదే కాలంలో 12 శాతం కుటుంబాలు కొత్తగా అందులోకి జారాయి. జారడానికి ప్రధానంగా కనిపించిన కారణాలు జబ్బులు, వైద్యం ఖర్చు, అధిక వడ్డీ అప్పులు, పెళ్లిళ్లు కర్మకాండల ఖర్చు. అంటే ఒక చేత్తో ఉపాధి పథకాలతో పైకి లాగుతున్నాం, ఇంకో చేత్తో ఆసుపత్రి బిల్లుతో కిందికి తోస్తున్నాం.

లెక్క వేసి చూడండి. కూలి పని చేసే ఇంట్లో ఒకరికి ఆపరేషన్ కోసం 80 వేలు అప్పు చేశారనుకుందాం. ఊళ్లో నడిచేది మూడు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీకే 2,400. రోజు కూలి 500, నెలకు 20 రోజులు పని దొరికితే వచ్చేది 10,000. అందులో దాదాపు నాలుగో వంతు వడ్డీకే పోతుంది, అసలు మాత్రం అలాగే కూర్చుంటుంది. పైగా మంచాన పడ్డ మనిషి కూలి ఆగిపోయింది, చూసుకునే మనిషి కూలీ ఆగిపోయింది. మొదట పుస్తెలతాడు తాకట్టుకు వెళ్తుంది, తర్వాత గేదె, తర్వాత పిల్లాడి ఇంటర్ చదువు. జబ్బు నయమైన మూడేళ్లకు కూడా ఆ ఇల్లు తేరుకోదు. గ్రామాల్లో ఈ వరుస తెలియనివాళ్లు ఉండరు.

ప్రపంచం మొత్తం మీద ఎంతమంది ఇలా చితికిపోతున్నారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021 నాటికి సుమారు 450 కోట్ల మందికి కనీసంగా ఉండాల్సిన వైద్య సేవలు పూర్తిగా అందడం లేదు. సొంత జేబులోంచి వైద్యానికి పెట్టి ఆర్థికంగా నలిగినవాళ్లు 2019లో సుమారు 200 కోట్లు. వాళ్లలో 34 కోట్లకు పైగా జనం ఆ ఖర్చువల్ల కటిక పేదరికంలోకి, లేదా ఉన్న కటిక పేదరికంలోనే ఇంకా లోతుకు వెళ్లారు.

ఈ లెక్కల్లో ఒక చిక్కుంది. ఇంటి ఖర్చులో పదో వంతు మించి వైద్యానికి పోతే దాన్ని తలకు మించిన ఖర్చుగా లెక్క కట్టారు. ఆసుపత్రికే పోని మనిషి సంగతేంటి? గుండెల్లో నొప్పి వచ్చినా జెలుసిల్ మింగి పడుకున్న రైతు ఖాతాలో ఖర్చు సున్నా. గణాంకాల్లో ఆయన క్షేమంగా ఉన్నట్టే. అందుకే ఒక దేశంలో జేబు ఖర్చు తక్కువ అనగానే సంబరపడకూడదు. వైద్యం అందడం వల్ల తక్కువా, వైద్యం మానేయడం వల్ల తక్కువా అని అడగాలి.

థాయిలాండ్ ఏం చేసింది?

2001 జనవరి ఎన్నికల్లో థాక్సిన్ షినవత్ర పార్టీ "30 బాత్‌లకు అన్ని రోగాలకూ వైద్యం" అని నినాదం ఇచ్చింది (బాత్ ఆ దేశపు కరెన్సీ). గెలిచింది. ఏప్రిల్‌లో ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2002 ఏప్రిల్‌కల్లా బ్యాంకాక్ సహా దేశమంతా విస్తరించింది. అదే ఏడాది నవంబర్‌లో చట్టం చేశారు. ప్రభుత్వ ఉద్యోగులకు, కంపెనీ ఉద్యోగులకు అంతకుముందే వేరే పథకాలు ఉన్నాయి. మిగిలినవాళ్లంతా, అంటే రైతులు, కూలీలు, తోపుడు బండ్లవాళ్లు, జనాభాలో దాదాపు నాలుగింట మూడొంతులు, కొత్త పథకంలోకి వచ్చారు. ఆసుపత్రికి వెళ్తే 30 బాత్‌లు కట్టాలి, అంతే. బాగా పేదలకు అదీ లేదు. 2006లో ఆ ముప్పై కూడా తీసేశారు, 2012లో మళ్లీ పెట్టారు, మినహాయింపులు చాలా ఉన్నాయి.

ఇది ఎన్నికల ముందు రాత్రికి రాత్రి పుట్టిన ఆలోచన కాదు. దీని వెనక ఉన్నది సంగువాన్ నిట్టయరంఫోంగ్ అనే డాక్టరు. శ్రీసాకేత్ అనే వెనకబడిన రాష్ట్రంలో చిన్న ఆసుపత్రిలో పనిచేశాడు. తర్వాత ఆరోగ్య శాఖలో ఉంటూ ఏళ్ల తరబడి లెక్కలు కట్టాడు, చిన్న చిన్న ప్రయోగాలు నడిపాడు, పార్టీల చుట్టూ తిరిగాడు. పౌర సంఘాలు 50 వేల సంతకాలతో సొంతంగా ముసాయిదా బిల్లు తెచ్చాయి. రాజకీయ నాయకుడికి ఓట్లు, డాక్టరుకు పథకం, జనానికి వైద్యం. ముగ్గురి అవసరాలూ ఒకే చోట కలిసిన అరుదైన సందర్భం అది.

ఏడాదిలో దేశమంతా ఎలా సాధ్యమైంది? మన దగ్గరైతే కార్డులు పంచడానికే మూడేళ్లు పడుతుంది.

కార్డుల సంగతి చిన్నది. ఆసుపత్రులు అప్పటికే ఉన్నాయి, అదీ రహస్యం. 1970ల మొదట్లోనే వైద్య పట్టభద్రులకు గ్రామీణ సేవ తప్పనిసరి చేశారు. 1980ల మొదట్లో ఇంకా గట్టి పని చేశారు. కొన్నేళ్లపాటు పట్టణాల్లో కొత్త ఆసుపత్రి కట్టడాలకు డబ్బు ఆపి, అదంతా జిల్లా స్థాయి చిన్న ఆసుపత్రులకు మళ్లించారు. రాజధానిలో ఉన్నవాళ్లు ఎంత గోల చేసి ఉంటారో ఊహించుకోవచ్చు. వాళ్ల జిల్లా మన మండలం కంటే కాస్త పెద్ద, రెవెన్యూ డివిజన్ కంటే బాగా చిన్న. అలాంటి ప్రతి చోటా ఒక ఆసుపత్రి, దాని కింద ఊళ్లలో ఆరోగ్య కేంద్రాలు, వాటి కింద లక్షల మంది ఆరోగ్య వాలంటీర్లు. 2001లో ప్రభుత్వం చేసింది ఈ ఆసుపత్రుల ముందున్న బిల్లు కౌంటర్‌ను తీసేయడం.

డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు?

మామూలు పన్నుల నుంచే. 1997 జూలైలో బాత్ కుప్పకూలి ఆసియా మొత్తాన్ని కుదిపేసింది. అది జరిగి నాలుగేళ్లు కూడా కాలేదు, ఈ పనికి దిగారు. ఇది నిలబడదని బయటి నిపుణులు పెదవి విరిచారు.

ఖర్చు చేయి దాటకుండా కాపాడింది డబ్బు చెల్లించిన పద్ధతి. మొదటి ఏడాది తలకు 1,202 బాత్‌లు లెక్కగట్టారు. నీ పరిధిలో ఇంతమంది జనం ఉన్నారు, వాళ్లందరి ఓపీ వైద్యానికి ఇదిగో డబ్బు అని ఆసుపత్రికి ముందే ఇచ్చేస్తారు. పరీక్షలు ఎక్కువ రాస్తే ఎక్కువ బిల్లు అనే పద్ధతి లేనప్పుడు అనవసరంగా స్కానింగ్ రాయడానికి ఎవరికీ ఉబలాటం ఉండదు. పైగా జనం ఆరోగ్యంగా ఉంటేనే ఆసుపత్రికి డబ్బు మిగులుతుంది. అడ్మిట్ అయిన రోగులకు జబ్బు రకాన్నిబట్టి చెల్లిస్తారు, అదీ మొత్తం బడ్జెట్ పరిమితికి లోబడి. ఇదంతా కలిపినా ఆ దేశం వైద్యానికి పెట్టేది జీడీపీలో 4 శాతం చుట్టుపక్కల.

దానివల్ల పేదరికం తగ్గిందని రుజువు ఉందా?

ఉంది. 2000లో మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి పోయేది మూడో వంతు. తర్వాత అది పదో వంతు దగ్గరికి పడిపోయింది. వైద్యం ఖర్చు తలకు మించిన కుటుంబాలు 1996లో 6 శాతం ఉంటే 2015కి 2 శాతానికి వచ్చాయి. వైద్యం ఖర్చువల్ల పేదరిక రేఖ కిందికి జారిన కుటుంబాలు అదే కాలంలో 2 శాతం పైనుంచి అర శాతం లోపుకు తగ్గాయి.

నాకు అన్నిటికంటే గట్టిగా అనిపించే రుజువు శిశు మరణాలది. జొనాథన్ గ్రూబర్, నాథనియెల్ హెండ్రెన్, రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్తలు 2014లో ప్రచురించిన పరిశోధన ఇది. 2001కి ముందు పేద రాష్ట్రాల్లో పసిపిల్లల మరణాలు ఎక్కువ, ధనిక రాష్ట్రాల్లో తక్కువ, ఎక్కడైనా ఉండేదే. పథకం వచ్చాక ఆ తేడా చెరిగిపోయింది. అంటే ఖర్చు ఆదా కావడం ఒక్కటే జరగలేదు, అంతకుముందు డబ్బుల్లేక ఆసుపత్రికి రాని తల్లులు రావడం మొదలుపెట్టారు.

థాయిలాండ్‌లో పేదరికం తగ్గడానికి పరిశ్రమలు, ఎగుమతులు, వలస సంపాదన కూడా కారణాలే. మొత్తం ఘనత పథకానికే కట్టబెడితే అబద్ధమవుతుంది. పైకొచ్చినవాళ్లు మళ్లీ కింద పడకుండా పట్టుకుంది, అంతవరకు ధైర్యంగా చెప్పొచ్చు.

లోపాలేమీ లేవా?

ఎందుకు లేవు? ప్రభుత్వాసుపత్రుల్లో తెల్లవారుజామునుంచే క్యూలు. పని భారం పెరిగి కొందరు డాక్టర్లు ప్రైవేటుకు వెళ్లిపోయారు. ఇచ్చే డబ్బు చాలక కొన్ని ఆసుపత్రులు లోటులో పడ్డాయి. ప్రభుత్వ ఉద్యోగుల పథకానికి తలకు పెట్టే ఖర్చు దీనికంటే చాలా ఎక్కువ, ఆ అసమానత ఇంకా పోలేదు. మొదట్లో డయాలసిస్ ఇందులో లేదు. కిడ్నీలు పాడైన కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోతుంటే పెద్ద ఉద్యమం నడిచింది, 2008లో చేర్చారు. హెచ్‌ఐవీ మందులూ అంతే, పోరాడితేనే వచ్చాయి. ఏది చేర్చాలి, ఏది వద్దు అన్నదానికి ఖర్చు, ఫలితం బేరీజు వేసే సంస్థను 2007లో పెట్టుకున్నారు. తర్వాత ప్రభుత్వాలు మారాయి, సైనిక కుట్రలు రెండు జరిగాయి. పథకాన్ని ముట్టుకునే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

మన ఆరోగ్యశ్రీ కూడా అలాంటిదే కదా?

ఉద్దేశం దగ్గరిదే, మొదలుపెట్టిన చివర వేరు. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రయోగంగా మొదలై, తర్వాత ఉమ్మడి రాష్ట్రమంతా వచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు గుండె, క్యాన్సర్, కిడ్నీ వంటి పెద్ద చికిత్సలు నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో. కూలి మనిషి కార్పొరేట్ ఆసుపత్రిలో బైపాస్ చేయించుకుని చేతి నుంచి రూపాయి పెట్టకుండా ఇంటికి రావడం చిన్న విషయం కాదు. దేశంలో ఆ తరహా పథకాలకు దారి చూపినవాటిలో ఇదొకటి. తెలంగాణలో పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో 25 లక్షలు అన్నారు, 2024లో పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. బకాయిలు పేరుకుపోయాయని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపడం కూడా రెండు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం.

థాయిలాండ్ ఊరి ఆసుపత్రి నుంచి పైకి వెళ్లింది. మనం ఆపరేషన్ థియేటర్ దగ్గర మొదలుపెట్టాం. పరిమితి 2 లక్షలా 25 లక్షలా అన్నది హెడ్‌లైన్‌కు బాగుంటుంది గానీ, ఎక్కువ ఇళ్లు చితికేది 25 లక్షల బిల్లుతో కాదు. మన దేశంలో జనం జేబులోంచి పోయే వైద్య ఖర్చులో అన్నిటికంటే పెద్ద వాటా మందులది. ఇంట్లో ఇద్దరికి షుగరు, బీపీ ఉంటే మాత్రలకు నెలకు 900 అనుకున్నా ఏడాదికి 10,800. జ్వరం వస్తే మొదట ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్, తగ్గకపోతే టౌన్‌లో ల్యాబ్ పరీక్షలు, ఆటో కిరాయి. ఇవేవీ ప్యాకేజీలో ఉండవు. మాత్రలు కొనలేక మధ్యలో మానేసిన మనిషికి ఐదేళ్ల తర్వాత కిడ్నీ పాడైతే అప్పుడు మాత్రం ఉచితంగా డయాలసిస్ ఇస్తాం.

ఈ కోణంలో చూస్తే 104 బండికి రావాల్సినంత పేరు రాలేదని నా అభిప్రాయం. నెలనెలా ఊరికొచ్చి, రచ్చబండ దగ్గర ఆగి, బీపీ చూసి, నెలకు సరిపడా మాత్రలు చేతిలో పెట్టి వెళ్లే బండి. ఫ్లెక్సీ మీద బొమ్మకు పనికిరాదు, నిజమే. ఒక ముసలమ్మకు టౌన్‌కు ఆటో కిరాయి, మందుల షాపు బిల్లు రెండూ తప్పించే పని దానిది. అది రాని నెల ఆమె మాత్రలు మానేస్తుంది.

ఆయుష్మాన్ భారత్ 5 లక్షలు ఇస్తోంది. ఇంకేం కావాలి?

2018 సెప్టెంబర్‌లో మొదలైన ఆ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరిన వైద్యానికి వర్తిస్తుంది. 2024 అక్టోబర్ నుంచి 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఇస్తున్నారు. పైన చెప్పిన చిక్కే దీనికీ ఉంది, ఓపీ, రోజువారీ మందులు బయటే మిగిలాయి. దీనికంటే ముందు 2008లో ఆర్‌ఎస్‌బీవై అని 30 వేల స్మార్ట్ కార్డు పథకం వచ్చింది. తర్వాత జరిగిన పరిశోధనల్లో అది జనం జేబు ఖర్చును చెప్పుకోదగ్గంతగా తగ్గించినట్టు కనబడలేదు.

మంచి మార్పూ ఉంది. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం మొత్తం వైద్య ఖర్చులో జేబు ఖర్చు వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. థాయిలాండ్ సంస్కరణకు ముందు ఉన్న చోటికి మనం ఇప్పుడు దగ్గరపడుతున్నాం అన్నమాట.

తలా కొంత ప్రీమియం కట్టించుకుంటే సరిపోదా?

జీతం వచ్చేవాళ్ల దగ్గర కోత పెట్టడం తేలిక. కౌలు రైతు దగ్గర, మేస్త్రీ దగ్గర, ఇళ్లలో పనిచేసే ఆమె దగ్గర నెలనెలా ఎలా వసూలు చేస్తారు? వసూలుకే సగం ఖర్చవుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కట్టరు, జబ్బున్నవాళ్లే చేరతారు, ఖజానా ఖాళీ అవుతుంది. రువాండా చాలావరకు నెట్టుకొచ్చింది. కుటుంబాలను స్థోమతనుబట్టి విడదీసి, కడు పేదల ప్రీమియం ప్రభుత్వమే కట్టింది. ఘనా 2003 చట్టంతో విలువ ఆధారిత పన్ను (వ్యాట్)తోపాటు అదనంగా 2.5 శాతం లెవీ కలిపింది. చివరికి ఏదో ఒక రూపంలో పన్నుల డబ్బు లేకుండా పేదలు ఇందులోకి వచ్చిన దేశం కనబడదు.

ఉచితమైతే జనం ఊరికే ఆసుపత్రికి ఎగబడరా?

ఒక రోజు కూలి వదులుకుని, నాలుగు గంటలు క్యూలో నిలబడి, సూది వేయించుకోవడానికి సరదా పడేవాళ్లు ఎంతమంది ఉంటారు? మొదట్లో రద్దీ పెరుగుతుంది, అందులో చాలా భాగం అప్పటిదాకా డబ్బుల్లేక ఆగినవాళ్లది.

ముందు దేశం ధనికమైతే ఇవన్నీ వాటంతట అవే రావా?

బ్రిటన్ 1948 జూలైలో జాతీయ ఆరోగ్య సేవ మొదలుపెట్టినప్పుడు యుద్ధం అప్పుల్లో ఉంది, జనం ఇంకా రేషన్ సరుకులతోనే గడుపుతున్నారు. శ్రీలంక ఉచిత ప్రభుత్వ వైద్యాన్ని నమ్ముకున్నది పేద దేశంగా ఉన్నప్పుడే. థాయిలాండ్ తలసరి ఆదాయం 2001లో దాదాపు 1,900 డాలర్లు. అప్పటి డాలరు వేరు, ఇప్పటి డాలరు వేరు అని ఒప్పుకున్నా, ఇవాళ్టి మనం దానికి మరీ దూరంలో లేం. మన దగ్గర ప్రభుత్వాలన్నీ కలిపి ఆరోగ్యానికి పెట్టింది 2021-22లో జీడీపీలో 1.84 శాతం. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025కి 2.5 శాతం అని రాసుకుంది.

ఆరోగ్య రక్షణ ఉంటే జబ్బువల్ల పేదరికం పూర్తిగా పోతుందా?

పోదు. బిల్లు మాఫీ అయినా పోయిన కూలి ఎవరూ ఇవ్వరు. రోగితోపాటు వచ్చినవాళ్ల తిండి, బస, ప్రయాణం ఉంటాయి. క్యాన్సర్ వైద్యానికి హైదరాబాద్ వచ్చి ఆసుపత్రి బయట చెట్ల కింద వండుకునే కుటుంబాలకు లోపల చికిత్స ఉచితమే, బయట రోజులు గడవడం ఉచితం కాదు. దీనికి రెండే మార్గాలు. జబ్బు రోజులకు కొంత భృతి ఇవ్వడం ఒకటి, వైద్యాన్ని వీలైనంత ఇంటి దగ్గరికి తేవడం ఇంకొకటి.

రెండో దానికి మన పక్కనే నమూనా ఉంది. తమిళనాడు 1990ల మధ్య నుంచే ఒక ప్రభుత్వ కార్పొరేషన్ ద్వారా మందులు టోకున కొని ఆసుపత్రులకు సరఫరా చేస్తోంది. 2021 ఆగస్టులో మక్కళై తేడి మరుత్తువం అనే పథకంతో షుగరు, బీపీ మాత్రలను ఇంటి గుమ్మానికే పంపడం మొదలుపెట్టింది. మన పీహెచ్‌సీల్లో మాత్రలు ఇస్తున్నారు గానీ, ఈ నెల ఒక రకం ఉంటే ఇంకో రకం ఉండదు. ఏఎన్‌ఎం దగ్గర, ఆశా వర్కర్ దగ్గర పేర్ల జాబితా ఇప్పటికే ఉంది. కావాల్సింది ఆ జాబితా ప్రకారం ప్రతి నెలా తప్పకుండా స్టాక్ రావడం, దానికి బడ్జెట్‌లో విడిగా డబ్బు కేటాయించడం.